పురుగుల్ని చంపే నులిపురుగును మీ నేలలో పట్టడం ఎలా? అది కొత్త జాతో కాదో తేల్చుకోవడం ఎలా?

"సార్, చచ్చిన పురుగును కోస్తే లోపల నులిపురుగులు కుప్పలుగా ఉన్నాయి. కొత్త జాతి దొరికినట్టేనా?" ఎంటమాలజీ చదివే పిల్లలు, ట్రైకోకార్డులు (పురుగుల గుడ్లను నాశనం చేసే ట్రైకోగ్రామా కందిరీగల కార్డులు) తయారుచేసే చిన్న ల్యాబుల వాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఇదే. ఫొటో ఒకటి వస్తుంది, దాని వెనకే ఈ ప్రశ్న. నా జవాబు కూడా ఎప్పుడూ ఒకటే: ఆ పురుగును చంపింది ఆ నులిపురుగేనని ముందు రుజువు చెయ్యండి. అది ఏ జాతి అన్నది ఆ తర్వాత. కొత్తదా అన్నది అన్నిటికన్నా ఆఖరున. చాలామంది ఈ వరుసను తలకిందులు చేసి ఆరు నెలలు పోగొట్టుకుంటారు.

నులిపురుగు అనగానే మనకు టమాటా, వంగ వేళ్ల మీది బొడిపెలు గుర్తొస్తాయి. ఇవి అవి కావు. వీటికి మొక్కతో పనిలేదు. స్టైనర్‌నీమా, హెటెరోరాబ్డైటిస్ అనే రెండు ప్రజాతుల నులిపురుగులు మట్టిలో కాచుకుని ఉండి, పురుగు నోటి నుంచో, మలద్వారం నుంచో, ఊపిరి రంధ్రాల నుంచో లోపలికి దూరతాయి. దూరేది మూడో దశ పిల్ల. ఇన్‌ఫెక్టివ్ జువెనైల్ అని దాని పేరు, ల్యాబుల్లో అందరూ ఐజే అనే అంటారు. పొట్టలో మోసుకొచ్చిన బ్యాక్టీరియాను అది పురుగు రక్తంలోకి వదులుతుంది. స్టైనర్‌నీమా మోసేది జినోరాబ్డస్‌ను, హెటెరోరాబ్డైటిస్ మోసేది ఫోటోరాబ్డస్‌ను. ఒకటి రెండు రోజుల్లో పురుగు చస్తుంది. ఇంతకు మించిన సిద్ధాంతం ఈ పనికి అక్కర్లేదు.

మన దక్షిణాదికి ఇందులో మంచి పేరే ఉంది. ఇప్పుడు ఉష్ణదేశాలన్నిటా కనిపించే హెటెరోరాబ్డైటిస్ ఇండికాను మొదట వర్ణించింది కోయంబత్తూరు నుంచే, 1992లో, చెరకు మొవ్వు తొలిచే పురుగులో దొరికిన నమూనాతో.

దగ్గర ఉండాల్సినవి

- బొరిగె లేదా చిన్న పార, పాలిథిన్ సంచులు, చెరగని ఇంకు పెన్ను, ఐస్ లేని థర్మోకోల్ పెట్టె
- 250 మి.లీ. మూత డబ్బాలు. ఐస్‌క్రీమ్ కప్పులూ చాలు.
- ఎర పురుగులు: బాగా ఎదిగిన మైనపు పురుగు లార్వాలు, లేదా బియ్యపు పురుగు (కార్సైరా చిమ్మట) లార్వాలు
- పెట్రీ డిష్‌లు (ఒకటి పెద్దది, ఒకటి చిన్నది చొప్పున), ఫిల్టర్ పేపర్, డిస్టిల్డ్ వాటర్
- డిసెక్షన్ మైక్రోస్కోపు. జాతి దాకా వెళ్లాలంటే కాంపౌండ్ మైక్రోస్కోపు తప్పదు.
- 70 శాతం ఆల్కహాల్, గ్లవ్స్, ఒక నోట్‌బుక్

నోట్‌బుక్‌ను ఆఖర్న రాశాను గానీ ఎక్కువమంది దగ్గర లేనిది అదే.

1. ముందు ఎరను పెంచండి

మట్టి తెచ్చాక ఎర కోసం వెతుక్కోవడం మొదటి పొరపాటు. మైనపు పురుగు అంటే తేనెపట్టులో మైనాన్ని తినే చిమ్మట లార్వా. పాత పట్టుల్లో దొరుకుతుంది. గోధుమ పిండి, తవుడు, పాలపొడి, తేనె, గ్లిజరిన్ కలిపిన ముద్ద మీద పెంచుకోవచ్చు. గాజు సీసాలోనే పెంచండి, మూతకు ఇనుప జల్లెడ వెయ్యండి. ప్లాస్టిక్ డబ్బాలో పెడితే కొరికి బయటపడతాయి, మర్నాడు బల్ల కింద ఏరుకోవాల్సి వస్తుంది. దగ్గర్లో ఎవరైనా తేనెటీగలు పెంచుతుంటే మాత్రం ఈ పురుగు జోలికి వెళ్లకండి, వాళ్ల పెట్టెలు పాడవుతాయి.

అలాంటప్పుడు బియ్యపు పురుగే మేలు. ట్రైకోకార్డులు చేసే ప్రతి ల్యాబులోనూ జొన్న రవ్వ మీద దీన్ని పెంచుతూనే ఉంటారు, అడిగితే ఇస్తారు. లార్వా చిన్నది కాబట్టి నులిపురుగులు తక్కువ వస్తాయి, అంతే తేడా.

లేత మీగడ రంగులో, చురుగ్గా కదిలే లార్వాలనే తీసుకోండి. గూడు కట్టబోతున్నవి, మచ్చలున్నవి వద్దు.

2. మట్టి ఎక్కడ, ఎప్పుడు తీయాలి

నేల పదునులో ఉన్నప్పుడు తీయాలి. గుప్పిట్లో పిసికితే ముద్ద కావాలి, వేలితో తాకితే విడిపోవాలి. మే నెల ఎండకు బీటలు వారిన నల్లరేగడిలోనూ, నీళ్లు నిలిచిన వరి మడిలోనూ వెతకడం శ్రమ దండగ. వీటికి గాలి ఆడాలి, తడి ఉండాలి, తిరగడానికి మట్టిలో సందులుండాలి.

నన్నడిగితే దున్నని చోట్లు ముందు చూడండి: మామిడి, జీడిమామిడి, కొబ్బరి తోటల్లో చెట్ల కింద, సరుగుడు తోపుల్లో, గట్ల మీద, చెరకు మోళ్ల మధ్య. హెటెరోరాబ్డైటిస్ కావాలనుకునేవాళ్లు సముద్రం ఒడ్డు ఇసుక నేలలను వదలకూడదు. గుళికల మందు చల్లిన చేనును ఆ సీజన్‌కు వదిలెయ్యండి. వేరుపురుగు ఎక్కువగా ఉన్న చేలో చచ్చిన వేరుపురుగు కనిపిస్తే మట్టితో సహా తెచ్చుకోండి, అంతకన్నా మంచి నమూనా లేదు.

ఒక్కో చోట నాలుగైదు గుంటలు, 15–20 సెం.మీ. లోతు. అన్నీ కలిపి అర కిలో నుంచి కిలో. తర్వాతి చోటికి పోయేముందు బొరిగెను కడిగి ఆల్కహాల్‌తో తుడవండి. లేదంటే మొదటి తోటలోని నులిపురుగు నాలుగు తోటల్లోనూ "దొరుకుతుంది". సంచి మీద తేదీ, జీపీఎస్, పంట, నేల రకం రాయండి. అదే సమాచారం లోపల ఒక చీటీ మీద పెన్సిల్‌తో కూడా రాసి పెట్టండి, తడికి పెన్ను రాత పోతుంది.

అడవిలో తీయాలంటే అటవీ శాఖ అనుమతి ముందుగా తీసుకోవాలి.

సంచులను ఎండలో కారు డిక్కీలో వదలకండి. అలాగని ఫ్రిజ్‌లోనూ పెట్టకండి. ఈ రెండో మాట నా సొంత నష్టంతో చెబుతున్నది. సరుగుడు తోపులో దొరికిన ఒక మంచి రకాన్ని జాగ్రత్త పేరుతో 4 డిగ్రీల ఫ్రిజ్‌లో దాచాను. పది రోజుల తర్వాత తీసి చూస్తే మైక్రోస్కోపు కింద అన్నీ సూదుల్లా నిటారుగా పడున్నాయి. మన వేడి నేలల్లో పుట్టినవి చాలావరకు 10 డిగ్రీల కింద బతకవు. పుస్తకాల్లో "5 డిగ్రీల దగ్గర నిల్వ చేయండి" అని ఉంటే అది చలిదేశపు జాతుల గురించి.

3. ఎర పెట్టడం

మైనపు పురుగును ఎరగా పెట్టే ఈ పద్ధతిని 1975లో బెడింగ్, అఖర్స్ట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రచురించారు. ఇప్పటికీ దీన్ని మించిన సులువైన దారి లేదు.

రాళ్లు, వేళ్లు ఏరేసిన మట్టిని డబ్బాలో ముప్పావు వంతు నింపండి. పొడిగా ఉంటే కొద్దిగా నీళ్లు చల్లండి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, కాచి చల్లార్చినవో డిస్టిల్డ్ వాటరో వాడండి. ఐదు లార్వాలు వేసి, మూత పెట్టి, డబ్బాను తలకిందులుగా 25–28 డిగ్రీల దగ్గర చీకట్లో ఉంచండి. రెండు రోజులకోసారి తెరిచి, చచ్చినవాటిని ఫోర్సెప్స్‌తో తీసి, కొత్తవి వెయ్యండి. పది రోజులు చూడండి.

బియ్యపు పురుగులైతే మట్టిలో గూడు అల్లుకుంటాయి. చిన్న ఇనుప జల్లెడ పొట్లంలో పెట్టి పాతితే వెతుక్కునే బాధ ఉండదు.

మొదటి విడతలో ఏమీ రాకపోతే మట్టిని పారెయ్యకండి. వారం ఆగి మళ్లీ ఎర పెట్టండి. కొన్ని ఐజేలు వెంటనే దాడి చెయ్యవు.

ఇక తప్పనిసరి కంట్రోల్: అదే మట్టిని ప్రెషర్ కుక్కర్లో ఆవిరికి ఉడికించి, చల్లార్చి, అందులోనూ ఐదు లార్వాలు వెయ్యండి. అక్కడా చస్తుంటే జబ్బు మీ పెంపకంలో ఉంది, మట్టిలో లేదు.

4. శవాన్ని చదవడం

చచ్చిన లార్వా రంగు, వాసన, మెత్తదనం చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది.

- ఇటుక ఎరుపు, ముదురు ఎరుపు, ఊదా; మెత్తగా ఉంటుంది, కుళ్లు వాసన లేదు: హెటెరోరాబ్డైటిస్ కావచ్చు
- గోధుమ, కాఫీ రంగు, బూడిద, ఒక్కోసారి నలుపు. కుళ్లు వాసన లేదు: స్టైనర్‌నీమా కావచ్చు
- కర్రలా బిగుసుకుని, పైన తెల్లటి లేదా పచ్చటి బూజు: ఫంగస్. బవేరియానో మెటారైజియమో అయి ఉంటుంది, అదీ పనికొచ్చేదే, కానీ మీరు వెతికేది కాదు
- నల్లగా కారిపోతూ, ముక్కు మూసుకోవాల్సినంత కంపు: మామూలు బ్యాక్టీరియా కుళ్లు

ఎర్రగా మారిన లార్వా దొరికితే ఒక పని చెయ్యండి. దాన్ని చేతిలో పట్టుకుని, రాత్రి దీపాలన్నీ ఆర్పి, ఫోన్ కూడా పక్కన పెట్టి, పది నిమిషాలు చీకట్లో కూర్చోండి. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక ఆ శవం లేత నీలిపచ్చ వెలుగుతో కనిపిస్తుంది. మిణుగురులా మినుకుమనదు, నిలకడగా మసక మసకగా ఉంటుంది. అది ఫోటోరాబ్డస్ వెలుగు. వెలుగు కనపడలేదని మాత్రం పారెయ్యకండి, కొన్ని రకాల్లో అది మన కంటికి ఆనదు.

5. వైట్ ట్రాప్

చూడ్డానికి తెల్లగా ఉంటుందని ఈ పేరు రాలేదు. 1927లో దీన్ని చెప్పిన శాస్త్రవేత్త ఇంటిపేరు వైట్. పెద్ద పెట్రీ డిష్‌లో చిన్న డిష్‌ను బోర్లా పెట్టండి. దానిమీద ఫిల్టర్ పేపర్ పరిచి, అంచులు కిందకు వేలాడేలా చూడండి. చుట్టూ పలచగా నీళ్లు పొయ్యండి. డిస్టిల్డ్ వాటర్‌లో కడిగిన శవాన్ని పేపర్ మీద పెట్టి మూత వెయ్యండి. శవం నీళ్లలో మునగకూడదు. ఒక ట్రాప్‌లో ఒకే శవం. అన్నీ ఒకేచోట వేస్తే ఏది ఎక్కడిదో తెలీదు.

స్టైనర్‌నీమా సుమారు 8–14 రోజుల్లో బయటికొస్తుంది, హెటెరోరాబ్డైటిస్‌కు ఇంకో రెండు మూడు రోజులు ఎక్కువ పట్టొచ్చు. ఆ రోజు పొద్దున డిష్ ఎత్తి కిటికీ వెలుగుకు పట్టుకుంటే నీటి అంచున పాలు ఒలికినట్టు సన్నటి తెల్ల చార ఉంటుంది, అదీ కదులుతూ ఉంటుంది.

రెండు మూడు రోజులకే నీళ్లు పురుగులతో నిండితే సంతోషించకండి, అనుమానించండి. అంత తొందరగా వచ్చేవి చాలాసార్లు శవాన్ని తినడానికొచ్చినవే.

6. మళ్లీ చంపించండి

ఈ మెట్టు దాటేసేవాళ్లే ఎక్కువ. మట్టిలో రాబ్డైటిస్, ఆషియస్ లాంటి నులిపురుగులు బోలెడు. పురుగు ఏ జబ్బుతో చచ్చినా అవి వచ్చి చేరతాయి. ఆషియస్‌లో కొన్ని రకాలు నిజంగానే పురుగుల్ని చంపుతాయి గనుక గందరగోళం ఇంకా ఎక్కువ.

నేనూ ఇందులో బోల్తా పడ్డాను. ఒక మామిడి తోట మట్టిలో ఐదుకు ఐదు లార్వాలూ చచ్చాయి, ట్రాప్ నిండా పురుగులే. కాస్త కంపు ఉన్నా పట్టించుకోలేదు. తోటి వాళ్లకు ఫొటోలు పంపి, పేరు కూడా మనసులో అనుకున్నాను. తీరా ఆరోగ్యంగా ఉన్న లార్వాల మీద వేస్తే ఒక్కటీ చావలేదు. ఏడో రోజున పన్నెండూ హాయిగా గూళ్లు కట్టుకుంటున్నాయి.

చేసే పద్ధతి:

ట్రాప్ నీళ్లను పొడవాటి గ్లాసులో పోసి అరగంట ఆగండి. బతికున్న ఐజేలు అడుక్కు దిగుతాయి. పై నీళ్లు వంచేసి కొత్తవి పొయ్యండి. ఇలా మూడుసార్లు. తర్వాత 24 గుంటల ప్లేటులో ఒక్కో గుంటలో ఫిల్టర్ పేపర్ ముక్క, ఒక లార్వా, 50–100 ఐజేలున్న రెండు చుక్కల నీళ్లు. పన్నెండు లార్వాలకు నులిపురుగులు, పన్నెండింటికి ఉత్త నీళ్లు. 24, 48, 72 గంటలకు లెక్క రాయండి.

నీళ్ల వరుసలో చావులు లేకుండా, నులిపురుగుల వరుసలో 48–72 గంటల్లో ఎక్కువ భాగం చచ్చి, శవాలన్నీ మొదటి శవం రంగులోకే మారితే, వాటినుంచి మళ్లీ అవే ఐజేలు వస్తే, అప్పుడు మీ చేతిలో ఉన్నది వేటగాడే. ఐదారు రోజులకు ఒకటి రెండు చచ్చి కంపు కొడితే వదిలెయ్యండి. నీళ్ల వరుసలోనూ రెండు కంటే ఎక్కువ చస్తే ఆ పరీక్షను లెక్కలోకి తీసుకోకండి, కొత్త లార్వాలతో మళ్లీ చెయ్యండి.

7. శుద్ధమైన వంశం, ప్రజాతి

ఒకే మట్టిలో రెండు జాతులుండటం మామూలే. అందుకే ఒక్క ఐజేతో ఒక్క లార్వాను సోకించి చూడండి. హెటెరోరాబ్డైటిస్ ఐజే ఎదిగితే ద్విలింగి అవుతుంది, ఒక్కటే ఒక సంతతిని పెంచగలదు. స్టైనర్‌నీమాలో దాదాపు అన్ని జాతులకూ ఆడా మగా రెండూ కావాలి. ఆ తేడాయే మీకు సగం జవాబు. చాలా లార్వాలను ఇలా సోకించండి, ఎందుకంటే ఒక్క ఐజే ప్రతిసారీ గెలవదు. స్టైనర్‌నీమా అయితే ఒక జత నుంచి వంశం మొదలుపెట్టండి.

మైక్రోస్కోపు కింద చూడాల్సినవి: హెటెరోరాబ్డైటిస్ మగదానికి తోక దగ్గర గొడుగులాంటి పొర ఉంటుంది, స్టైనర్‌నీమా మగదానికి ఉండదు. ఐజేలో విసర్జన రంధ్రం నాడీ వలయానికి ముందుంటే స్టైనర్‌నీమా, వెనక ఉంటే హెటెరోరాబ్డైటిస్.

సోకిన మూడు నాలుగు రోజులకు శవాన్ని కోసి మొదటి తరం పెద్దవాటిని, ఆరేడు రోజులకు రెండో తరాన్ని తీయండి. ఒక్కో దశలో కనీసం 20 పురుగుల కొలతలు కావాలి. ఒక ఐజేను కొలిచి పుస్తకంలోని అంకెతో సరిపోల్చడం పొరపాటు. పెద్ద లార్వాలో పెరిగినవాటికీ చిన్న లార్వాలో కిక్కిరిసి పెరిగినవాటికీ పొడవు తేడా వస్తుంది.

ఇంకో ఖరీదైన పొరపాటు: అన్నిటినీ ఫార్మాలిన్‌లో వేసెయ్యడం. కొలతలకు అది సరే, డీఎన్‌ఏకు పనికిరాదు. సగం పురుగుల్ని 95 శాతం ఆల్కహాల్‌లో విడిగా దాచండి.

8. డీఎన్‌ఏ: 99 శాతం అన్న అంకెను నమ్మకండి

రైబోసోమల్ డీఎన్‌ఏలోని ఐటీఎస్ భాగం, 28ఎస్‌లోని డీ2-డీ3 భాగం, ఈ రెండూ చదివించాలి. వీలైతే మైటోకాండ్రియాలోని సీఓఐ కూడా. పీసీఆర్ (ఆ భాగాలకు నకళ్లు తీయడం) మీ యూనివర్సిటీలో అవుతుంది, సీక్వెన్సింగ్ (వాటి అక్షరక్రమం చదవడం) బయట చేయిస్తారు.

జెన్‌బ్యాంక్‌లో (అందరూ సీక్వెన్సులు జమచేసే ఆన్‌లైన్ ఖజానా) బ్లాస్ట్ చెయ్యగానే, అంటే మీ సీక్వెన్స్‌ను అక్కడున్నవాటితో పోల్చగానే, 99 శాతం సరిపోయిందంటూ పైన వచ్చిన పేరును రాసేసుకోకండి. అక్కడ ఎవరు పెట్టిన పేరు వాళ్లది, తప్పు పేర్లు చాలా ఉన్నాయి. ఆ జాతిని మొదట వర్ణించిన టైప్ నమూనా సీక్వెన్స్ ఏదో వెతికి, దానితో పోల్చండి. క్రోమటోగ్రామ్ (సీక్వెన్సింగ్ యంత్రం ఇచ్చే గీతల పటం) తెరిచి చూడండి, కొసల్లో చెత్త చదివితే అదీ "తేడా"గానే లెక్కకొస్తుంది. స్టైనర్‌నీమాలోనైతే ఒకే పురుగులో ఐటీఎస్ నకళ్ల మధ్యే తేడాలుంటాయి. ఇంత శాతం తేడా ఉంటే కొత్త జాతే అనే గీత ఎక్కడా లేదు.

తొందరపడితే ఏమవుతుందో చూడండి. ఢిల్లీ నుంచి 2000లో స్టైనర్‌నీమా థర్మోఫిలమ్ అనే కొత్త జాతిని వర్ణించారు. తర్వాత అది ఒమన్ నుంచి 1997లోనే వర్ణించిన స్టైనర్‌నీమా అబ్బాసియేనని తేల్చారు. పెద్ద నిపుణులకే తప్పనిది మనకూ తప్పదు.

9. జత కలిపి చూడటం

డీఎన్‌ఏ ప్రకారం మీదానికి దగ్గరి చుట్టం ఏ జాతో, దాని బతికున్న కల్చర్ తెప్పించుకోండి. ఇంకా జతకట్టని ఆడ, మగ పురుగుల్ని లార్వా రక్తం చుక్కలో కలిపి పెంచాలి. మీదాని ఆడ, దాని మగ, తర్వాత అటుదిటు. మీదానిలో మీదే జత కూడా పెట్టాలి, ఎందుకంటే అక్కడ పిల్లలు పుడితేనే "ఇక్కడ పుట్టలేదు" అన్న మాటకు విలువ. హెటెరోరాబ్డైటిస్ అయితే ఆడా మగా విడిగా ఉండే రెండో తరాన్ని వాడాలి.

పిల్లలు పుట్టకపోతే, లేదా పుట్టినవి గొడ్డువైతే, కొలతలూ డీఎన్‌ఏ కూడా అదే చెబితే, అప్పుడు కొత్త జాతి గురించి మాట్లాడండి.

10. కాగితాల పని

మన దేశంలో జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం కొత్త జాతిని కనుగొన్నవాళ్లు ఆ సంగతి గుర్తింపు పొందిన నిక్షేపశాలకు తెలిపి, నమూనా అక్కడ అప్పగించాలి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో జాతీయ నెమటోడ్ సేకరణ ఉంది. విదేశంలోని స్నేహితుడికి "ఊరికే చూడు" అని కల్చర్ పోస్టులో పంపకండి. చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ నిబంధనలు ముందు చూసుకోండి. పేపర్ ఆన్‌లైన్ పత్రికలో వస్తుంటే జూబ్యాంక్‌లో (జంతువుల శాస్త్రీయ పేర్ల ఆన్‌లైన్ రిజిస్టర్) నమోదు ఉండాలి, లేకపోతే ఆ పేరు చెల్లదు.

11. బతికించుకోవడం

కడిగిన ఐజేలను మి.లీ.కు వెయ్యి రెండు వేల చొప్పున, ఒక సెంటీమీటరు లోతు మించని నీళ్లలో, పడుకోబెట్టిన ఫ్లాస్క్‌లో, మూత వదులుగా పెట్టి 15 డిగ్రీల దగ్గర ఉంచండి. లోతు ఎక్కువైతే గాలి అందక చస్తాయి. రెండు నెలలకోసారి కొత్త లార్వాల మీద పెంచి తీయండి. మరీ తరచుగా తిప్పితే ల్యాబు తిండికి అలవాటుపడి పొలంలో చతికిలపడతాయి. అసలు తోట మట్టిని మళ్లీ తెచ్చుకునే దారి ఉంచుకోండి, అందుకే జీపీఎస్ రాయమన్నది.

"మరి పొలంలో ఎప్పుడు చల్లొచ్చు?"

కొత్త జాతి కాకపోయినా ఇది చెయ్యొచ్చు. మీ నేలకు అలవాటైన పాత జాతి, సీసాలో వచ్చే దూరపు రకం కంటే నాకైతే ఎక్కువ ఇష్టం. వాడుకలో ఉన్న మోతాదు చదరపు సెంటీమీటరుకు 25 ఐజేలు. అంటే ఎకరాకు సుమారు 100 కోట్లు. ఒక పెద్ద మైనపు పురుగు నుంచి రెండు లక్షలు వచ్చాయనుకున్నా ఐదు వేల పురుగులు కావాలి. కాబట్టి ఎకరం ఆలోచన పక్కన పెట్టి ఒక చదరపు మీటరుతో మొదలుపెట్టండి. దానికి రెండున్నర లక్షలు చాలు, అంటే ఒకటి రెండు శవాల పంట.

సాయంత్రం ఎండ వాలాక, నేల తడిపి, పూలకుండీలకు పోసినట్టు పొయ్యండి, పైన మళ్లీ కాసిని నీళ్లు. ఎండలో పోస్తే నిమిషాల్లోనే దెబ్బతింటాయి. పక్కనే మరో చదరపు మీటరుకు ఉత్త నీళ్లు పొయ్యండి. రెండు వారాలకు, నెలకు, మూడు నెలలకు రెండు చోట్ల నుంచీ మట్టి తెచ్చి మూడో మెట్టులో చెప్పినట్టే ఎర పెట్టండి. మూడో నెల మట్టిలో కూడా లార్వా అదే రంగులో చస్తే, అది మీ నేలలో నిలదొక్కుకున్నట్టే.